పదహారు తరాల బొల్లి

మా బొల్లి వ్యవసాయ డిప్లొమా పాసైందని పేపర్లో ఫొటో పడ్డప్పటినుంచి, ఎదురైన ప్రతివాడూ నన్ను ఒకటే అడుగుతున్నాడు: "గొర్రె ఎట్ల చదివిందే బుచ్చయ్యా?" ఎట్లా చదివిందో నాకు తెలుసు, పరీక్షలు రాసింది నేనే గనక. గొర్రెకు సీటు ఎట్లా వచ్చిందన్నది అసలు అడగవలసిన మాట. అది ఒక్కడూ అడగడు. అడగకపోయినా చెబుతాను. నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి, తప్పులుంటే సర్దుకోండి. చదువుకున్నవాళ్ళు చేసిన తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తాను.

మూడేళ్ళ కింద పశుపోషక వంశ గౌరవ మండలి అని ఒకటి పెట్టారు. తరతరాలుగా గొర్లూ బర్లూ కాసుకుని బతికే కుటుంబాలను దేశం మరిచిపోయిందట. ఆ మాట మాకు ముందే తెలుసు. ఇప్పుడు గుర్తుచేసుకోవాలని వాళ్ళకు తోచింది. అట్లాంటి కుటుంబాల పిల్లలకు జిల్లాకొకటి చొప్పున వ్యవసాయ పాలిటెక్నిక్‌లో గౌరవ సీటు ఇస్తామన్నారు. ఫీజు లేదు, హాస్టలు ఉచితం, పుస్తకాలు ఉచితం.

మా బిడ్డ మమత ఆ ఏడే పదో తరగతి పాసైంది. మామూలు సీటు రెండు మార్కుల్లో తప్పిపోయింది. డబ్బు కట్టి చదివించే తాహతు నాకు లేదు. మా రాళ్ళకుంట ఊళ్ళో పది చదివిన ఆడపిల్లలకు తరువాయి క్లాసు పత్తి జిన్నింగు మిల్లే. ఆ మిల్లు మేస్త్రి అప్పటికే రెండుసార్లు మా ఇంటికొచ్చి నీళ్ళడిగి తాగిపోయాడు.

"నాయినా, ఈ సీటు మనకోసమే పెట్టిన్రు. నాలుగు తరాలు గొర్లు కాసినోళ్ళకంట. మనకన్న ఎవరున్నరు?" అంది మమత.

నిజమే కదా అనుకున్నాను. అదే మొదటి పొరపాటు.

జిల్లా ఆఫీసులో సూపరింటెండెంటు వసుంధర మేడం మా దరఖాస్తు తీసుకుంది. మంచి మనిషి. కుర్చీ చూపించింది. నాలుగు తరాలకు నాలుగు గళ్ళున్న కాగితం ముందు పెట్టుకుని పెన్ను తెరిచింది.

"మీ ముత్తాత గొర్రెలు కాసినట్టు రుజువు?"

"కాసిండు మేడం. కాయకపోతే మా తాతకు మంద ఎక్కడిది?"

"అది వాదన. నేనడిగేది రుజువు. ఆయన మరణ ధ్రువపత్రంలో వృత్తి రాసి ఉంటుంది, అది తెచ్చావా?"

"ఆయన కృష్ణ ఒడ్డున మంద కాడ పోయిండంట. వానలు లేక గొర్లను అటు తోలుకపోయినప్పుడు. ఆడ పత్రాలిచ్చెటోళ్ళెవరు మేడం?"

మేడం ఆ గడిలో 'సమాచారం లేదు' అని రాసింది. "మీ ముత్తాత భార్య పేరు?"

మా తాతను కన్నతల్లి పేరు నాకు తెలియదు. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. మమత నా మొహంలోకి చూసింది. నేను గోడకున్న క్యాలెండరు చూశాను.

"సరే, నీ సంగతికి వద్దాం. నువ్వేం చదివావు?"

"ఐదు."

ఎప్పుడూ సిగ్గుపడుతూ చెప్పే మాట. ఆ రోజు మొదటిసారి ఎక్కువ చదివానన్న నేరం మీద పడింది. మేడం పెన్ను ఆపి నిబంధనల పుస్తకం తిరగేసింది.

"చూడవయ్యా, 'వంశవృత్తి ఏ తరమునందును అంతరాయము లేక కొనసాగి ఉండవలెను' అనుంది. నువ్వు ఐదేళ్ళు బడికి పోయావు. ఆ ఐదేళ్ళు గొర్రెలు కాయలేదుగా?"

"మా నాయిన కాసిండు."

"అది ఆయన గడిలో. నీ గడిలో ఐదేళ్ళ అంతరాయం." మమత వైపు తిరిగింది. "అమ్మాయి పదేళ్ళు బడికి పోయింది. అంటే పదేళ్ళ అంతరాయం."

"మేడం, పది పాసైతేనే ఈ సీటుకు దరఖాస్తు చేయాలని మీ కాగితంలోనే ఉంది కదా?" అంది మమత మెల్లగా.

"ఉందమ్మా. అది విద్యార్హత. ఇది వంశార్హత. రెండు వేర్వేరు సెక్షన్లు." మేడం గొంతులో నిజంగానే జాలి ఉంది. "అంతరాయం లేకుండా మందలోనే పుట్టి, మందలోనే పెరిగి, ఏనాడూ మందను విడవనివాళ్ళు మీ ఇంట్లో ఇంకెవరూ లేరా?"

నాకు కడుపు మండింది. పొద్దున ఐదింటి బస్సుకు వచ్చాం, మధ్యాహ్నం దాటింది, తిండి లేదు.

"ఎందుకు లేరు? మా బొల్లి ఉంది. పదహారు తరాలు."

"బొల్లి ఎవరు?"

"మా గొర్రె. బొల్లి తల్లి చుక్క. చుక్క తల్లి కర్రెది. కర్రెదాని తల్లి బూడిదిది. దాని తల్లి మెడనాగు. మెడనాగు తల్లి పెద్ద మెడనాగు. దాని తల్లి నామాలది..." అని ఊపిరి తీయకుండా మా తాత వేరుపడ్డనాడు మా ముత్తాత వాటా కింద తోలిచ్చిన పాలగొర్రె దాకా పదహారు పేర్లూ చెప్పాను. ఏది ఏ కరువులో పుట్టిందో, ఏది ఎన్ని ఈతలు ఈనిందో, ఏది తోడేలుకు పోయిందో కూడా చెప్పాను. గొర్లు కాసేవాడికి ఇదేం గొప్ప కాదు. తల్లి ఏదో తెలియకుండా పిల్లను ఉంచుకోం. మనుషుల సంగతే గుర్తు పెట్టుకోం.

ఎకసెక్కానికి అన్న మాట అది. తలెత్తి చూద్దును గదా, మేడం రాసుకుంటోంది.

"దీనికి రుజువు ఉందా?"

"చెవికోత ఉంటది మేడం. మా ఇంటి గొర్లన్నిటికీ ఎడమ చెవి కొస చీలిక, కుడి చెవి కింద ఒక గాటు. మా ముత్తాత నాటినుంచి అదే గుర్తు. నాలుగు మందలు కలిసిపోయినా మావి మేం గుర్తుపడతాం."

"అంటే నాలుగు తరాలుగా మారని గుర్తు." మేడం మొహం వెలిగింది. "అది రికార్డే. ఒరిజినల్ ఒకటి, జిరాక్సులు రెండు. గెజిటెడ్ అధికారి ధ్రువీకరించాలి."

"మేడం, నేను నవ్వులాటకన్న—"

"ఆఫీసులో అన్నది ఆఫీసు రికార్డేనయ్యా. సోమవారం దాటకుండా పెట్టు."

బయటికొచ్చాక, బస్టాండులో మిర్చిబజ్జీ తింటూ మమత అంది: "పెడదాం నాయినా. కనీసం కుటుంబం పేరన్న లోపలికి పోతది."

సోమవారం బొల్లిని ఆటోలో వేసుకుని టౌనుకు పోయాం. జిరాక్సు షాపు పిల్లగాడు ముందు ఒప్పుకోలేదు. తర్వాత, చెవికి ముందూ వెనకా రెండు వైపులా కావాలా అని అడిగాడు. వెలుగు కంట్లో పడకుండా బొల్లి మొహానికి నా తువ్వాల కట్టి, చెవి అద్దం మీద ఆనించాం. చీలిక చక్కగా పడింది. పశువుల డాక్టరు సారు జిరాక్సును ఒక చేత్తో, బొల్లి చెవిని ఇంకో చేత్తో పట్టుకుని, పోల్చిచూసి, 'అసలుతో సరిచూడబడినది' అని ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టాడు. జిరాక్సు మీదే పెట్టాడు, అది మాత్రం చెప్పాలి.

నెల తిరక్కుండా మండలి నుంచి తాఖీదు వచ్చింది. మండలి ప్రత్యేకాధికారి సర్వోత్తమరావు గారు జిల్లాకొచ్చి మమ్మల్ని పిలిపించారు. పొడుగు మనిషి, కళ్ళు మూసుకుని మాట్లాడతాడు.

"జిల్లాలో మూడువందల పన్నెండు దరఖాస్తులు వచ్చినవి. మూడువందల పదకొండింటిలో అంతరాయము కనబడినది. ఒకరు మిలిటరీకి పోయిరి, ఒకరు హోటలు పెట్టిరి, తక్కినవారందరూ బడికి పోయిరి. చదువు అనునది ఈ వృత్తులను ఎంతగా దెబ్బతీసినదో మండలి ఆవేదనతో గమనించినది. ఒక్క అభ్యర్థి మాత్రమే పదహారు తరములు, ఒక్క దినమైనను మందను విడువక, ధ్రువీకృత చెవి రికార్డుతో నిలిచినది. అభ్యర్థి పేరు, బొల్లి."

"సార్, అది గొర్రె," అన్నాను.

ఆయన కళ్ళు తెరిచాడు. "బుచ్చయ్యా, అభ్యర్థి మనిషై ఉండవలెనని నిబంధనలలో ఎక్కడనూ లేదు. ఉన్నదా వసుంధరా?"

"లేదు సార్. పన్నెండంకెల గుర్తింపు సంఖ్య ఉండాలని మాత్రం ఉంది. పశువుల శాఖ వేసిన చెవి బిళ్ళ మీద ఉంది సార్, సరిపోయింది."

"పది పాసవ్వాలి కదా సార్?" అంది మమత. ఆ పిల్ల ఆశ వదలదు.

"వంశార్హత పది తరములు దాటినచో విద్యార్హత సడలింపు. సెక్షన్ తొమ్మిది." ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. "మంజూరు చేయడమైనది."

ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాను. మమత నా పక్కనే కూర్చుని మంజూరు కాగితం మొత్తం చదివింది. ఏడుస్తుందనుకున్నాను. అది నవ్వింది.

"నాయినా, ఇగో ఏడో షరతు. 'అభ్యర్థికి స్వయముగా సంచరించుటకు ఇబ్బంది ఉన్నచో ఒక సహాయకుని వెంట ఉంచుకొనవచ్చును.' బొల్లికి కాలేజీ తొవ్వ తెల్సా?"

"తెల్వదు."

"మరి నేను పోతా."

గౌరవ సభ టౌన్‌హాల్లో పెట్టారు. బొల్లికి శాలువా కప్పారు. దాని ఉన్ని మీద ఇంకో ఉన్ని. ముఖ్య అతిథి మైకు పట్టుకుని, "ఈ తల్లి మౌనంలో పదహారు తరాల శ్రమ మాట్లాడుతోంది" అన్నాడు. వెనకనుంచి ఎవడో "ఒకసారి అరిపియ్యిండ్రి" అన్నాడు. నన్ను వేదిక మీదికి పిలవలేదు. అంతరాయం ఉన్నవాళ్ళకు కిందే కుర్చీలు.

కాలేజీ ప్రిన్సిపాల్ ఉత్తర్వు మూడుసార్లు చదివి, బొల్లిని చూసి, మళ్ళీ ఉత్తర్వు చదివాడు. కింద సంతకం ఎవరిదో చూసిన తర్వాత గొర్రె ఆయన కంటికి మామూలు స్టూడెంటులాగే కనబడిందనుకుంటాను. "హాజరు డెబ్బై ఐదు శాతం ఉండాలి, చెబుతున్నాను" అన్నాడు కటువుగా, బొల్లితోనే.

హాజరుకు వేలిముద్ర మిషను ఉంది. బొల్లికి వేళ్ళు లేవు గనక ముట్టె ముద్రకు అనుమతి తెచ్చారు. రేషన్ షాపులో నా వేలిముద్ర ఏనాడూ పడదు, కర్ర పట్టీ పట్టీ గీతలు అరిగిపోయాయని పంపించేస్తారు. బొల్లి ముట్టె మొదటి రోజే, మొదటి తాకుకే పడింది. పచ్చలైటు వెలిగింది.

హాస్టల్లో మంచం బొల్లి పేరున, భోజనం బొల్లి పేరున. సహాయకురాలికి రెండూ లేవని రూల్లో ఉంది. అందుకని మంచం మీద మమత పడుకునేది, మంచం కింద బొల్లి. భోజనం మమత తినేది, బొల్లికి కాలేజీ పొలం గట్ల మీద గడ్డి కోసుకొచ్చేది. వార్డెను ఒకసారి, "మీ బొల్లి పప్పు బాగానే తింటోందే" అందట. "రోటీ కూడా తింటది మేడం" అందట మమత.

క్లాసులో చివరి బెంచీ. కిటికీ చువ్వకు బొల్లి తాడు, బల్ల మీద మమత నోటు పుస్తకం. సహాయకులు రాసుకోకూడదని ఎక్కడా లేదు, అది ముందే చూసుకుంది. సారు ప్రశ్న అడిగితే చెయ్యెత్తేది మాత్రం కుదరదు. తెలిసిన జవాబు నోట్లో పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో సెలవులకొచ్చినప్పుడల్లా చెప్పేది. ఒకరోజు నేల స్వభావం గురించి అడిగితే క్లాసులో ఒక్కడికీ రాలేదట. మమతకు వచ్చు. ఆగలేక బొల్లి తాడు గుంజింది. అది 'మే' అంది. సారు విసుగ్గా "చెప్పమ్మా బొల్లీ" అన్నాడు. బొల్లి తరఫున ఇది లేచి చెప్పింది. ఆనాటినుంచి మాట్లాడాలనుకున్నప్పుడల్లా తాడు గుంజేది. మొదటి ఏడాది క్లాసులో అందరికన్నా ఎక్కువ అరిచిన స్టూడెంటు మా బొల్లే.

పరీక్షల దగ్గర చిక్కొచ్చింది. బొల్లి రాయలేదు, రాయలేనివాళ్ళకు లేఖరిని ఇస్తారు. తానే లేఖరిగా ఉంటానని మమత దరఖాస్తు పెట్టుకుంది. పరీక్షల విభాగం ఒక్క గీతతో కొట్టేసింది. 'లేఖరి విద్య ప్రాథమిక పాఠశాలను దాటి ఉండరాదు. దాటినచో అభ్యర్థికి అక్రమ సాయము చేయు అవకాశము కలదు.'

మమత ఆ కాగితం పట్టుకుని మంద దగ్గరికే వచ్చింది. ఎండలో నడిచొచ్చి మొహం కందిపోయింది. "పరీక్ష తప్పితే సీటు పోతదంట. సీటు పోతే నేనూ ఇంటికే." నా వంక అదో రకంగా చూసింది. "నాయినా, నువ్వు ఐదే కదా చదివింది?"

నలభై ఎనిమిదేళ్ళ బతుకులో నా చదువు తక్కువైందని సంతోషపడ్డ మనిషిని అప్పుడే చూశాను.

అట్లా నా చదువు మొదలైంది. ఆదివారాలు, పండగ సెలవులు, మంద వెంట నడుస్తూ అది చెప్పేది, నేను వినేవాణ్ణి. కర్రతో మట్టి మీద రాసేవాణ్ణి. నత్రజని, భాస్వరం, పొటాష్. మొక్క వేరు ఎట్లా తాగుతుందో, ఆకు ఎండను ఎట్లా వండుకుంటుందో. గొర్లు తప్పిపోయిన రోజులున్నాయి. అక్షరాలు మరిచిపోయాననుకున్నాను గానీ అవి ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉన్నాయి. బడి మాన్పించినప్పుడు మా నాయన "గొర్లు ఎవరు కాస్తర్రా?" అన్నాడు. రెండూ ఒకేసారి చెయ్యొచ్చని మాకు ఎవరూ చెప్పలేదు.

పరీక్ష హాల్లో నేనూ బొల్లీ ఒక బల్ల. అభ్యర్థి చెబితేనే నేను రాయాలి. అందుకని కాపలా సారు మా వైపు వచ్చినప్పుడల్లా బొల్లి మూతి దగ్గర చెవి పెట్టేవాణ్ణి. ఆయన తృప్తిగా తల ఊపి పోయేవాడు. బయట వేపచెట్టు కింద కాచుకున్న మమత నేను రాగానే ప్రశ్నల కాగితం గుంజుకునేది. "ఐదో ప్రశ్న ఏం రాసినవ్? అయ్యో, అది కాదు నాయినా!" ఎవరు తండ్రో, ఎవరు బడిపిల్లో తెలియకుండా పోయింది.

ఫలితాలొచ్చాయి. పంటల్లో అరవై నాలుగు. నేలల్లో డెబ్బై ఒకటి. గొర్రెల పెంపకంలో తప్పాను. బొల్లి తప్పింది అనాలి.

సంగతేమిటంటే, గొర్లు ఉన్నట్టుండి పడి చచ్చే చిటుకు రోగం రాకుండా ఏం చేయాలని అడిగారు. తొలకరి పడ్డాక లేతగడ్డి మీదికి గొర్లను ఆకలితో వదలొద్దు, పొద్దున ఎండుమేత వేసి తోలాలి, మందు వానలకు ముందే వేయించాలి అని రెండు పేజీలు రాశాను. ముప్ఫై ఐదేళ్ళుగా నేను చేసేదే. సున్నా వేశారు. సప్లిమెంటరీకి మమత పుస్తకంలో ఉన్న సూక్ష్మజీవి పేరు బట్టీ పట్టించింది. ఆ పేరు నోరు తిరగదు, అయినా రాశాను. డెబ్బై ఎనిమిది వచ్చాయి. ఆ వానాకాలం పక్క ఊరి మందలో ఇరవై గొర్లు చిటుకుతో పోయాయి. మా మందలో ఒక్కటీ పోలేదు. సూక్ష్మజీవి పేరు మా గొర్లకు ఇప్పటికీ తెలియదు.

రెండో ఏట బొల్లి ఈనింది. ప్రసూతి సెలవు ఇచ్చారు, హాజరు తగ్గకుండా. అట్లా రెండేళ్ళూ గడిచి బొల్లి పాసైంది. ఫొటో పేపర్లో పడింది, మొదట్లో చెప్పాను కదా. పట్టా బొల్లి పేరున. మమతకు కూడా ఒకటిచ్చారు: 'వీరు రెండు సంవత్సరములు గొర్రెను శ్రద్ధగా కాసినారు' అని.

నాకు మండింది. మమతకు మండలేదు. "పోనీ నాయినా. కాయితం బొల్లిది, చదువు నాది." ఇప్పుడు ఊళ్ళో పత్తికి తెగులొస్తే రైతులు మా ఇంటికే వస్తున్నారు. ఇది ఆకు తిప్పి చూసి మందు చెబుతుంది. ఎవరన్నా పది చదివిన పిల్ల మాట నమ్మాలా అని నసిగితే, "మా బొల్లి చెప్పింది" అంటుంది. వెంటనే నమ్ముతారు. బొల్లికి పట్టా ఉంది.

మిల్లు మేస్త్రి నీళ్ళకు రావడం మానేశాడు.

ఈ మధ్య నాలో ఒక పాడుబుద్ధి పుట్టింది. డిప్లొమా పరీక్షలన్నీ రాసినవాణ్ణి, పదో తరగతి రాయలేనా? ఓపెన్ స్కూల్ ఫారం తెచ్చి నింపాను. పేరు, తండ్రి పేరు, వృత్తి. ఎవరికీ చెప్పకుండా గొంగడి మడతలో పెట్టుకున్నాను. ఆ వారంలోనే జిల్లా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. డిప్లొమా పాసైన గౌరవ అభ్యర్థికి వ్యవసాయ డిగ్రీలో కూడా సీటు పొడిగించారట. నాలుగేళ్ళు, అవే షరతులు.

మమత అప్పుడే బొల్లి తాడు కొత్తది పేనుతోంది. గొంగడి దులపబోయి ఫారం చూసింది. నేను దొంగలా నిలబడ్డాను. చాలాసేపు నా చేతిరాత చూసింది. దాని కళ్ళు నిండాయి.

"మంచిగ రాసినవ్ నాయినా. నువ్వు పాసైతవ్ కూడ." ఫారం మడిచి నా చేతిలో పెట్టింది. "కానీ నువ్వు పాసైతే బొల్లికి లేఖరి ఉండడు. నా చదువు ఆగిపోతది."

"తెలుసు బిడ్డా."

"నాలుగేండ్లే. నాది కాంగనే నీది."

"బడి మాన్పించిననాడు మా నాయిన కూడ కొన్ని రోజులే అన్నడు" అని నోటిదాకా వచ్చింది. అనలేదు.

మర్నాడు ఆఫీసుకు పోయాం. వసుంధర మేడం కుర్చీ చూపించింది. బొల్లిని బాగున్నావా అని పలకరించింది. లేఖరి నుంచి హామీపత్రం కావాలంది. 'నేను ఇకమీదట నాలుగు సంవత్సరముల వరకు ఏ విధమైన విద్యాభ్యాసము చేయనని, ఏ పరీక్షయు ఉత్తీర్ణుడను కానని ఇందుమూలముగా వాగ్దానము చేయుచున్నాను.' మొత్తం చదివాను. ఒక అక్షరం తప్పుంటే మేడంకు చూపించాను, ఆమె దిద్దింది. కింద సంతకం పెట్టాను.

మేడం కాగితం అందుకుని సంతకం చూసి మెచ్చుకుంది.

"ఎంత గుండ్రంగా పెట్టావయ్యా! ఐదో తరగతి అంటే ఎవరన్నా నమ్ముతారా?"

"నమ్మాలె మేడం," అన్నాను. "జర మీరే నమ్మియ్యాలె."